తిత్తి లాగే చెయ్యి

ఆచావ్, 7 మార్చి 2004

ఎదూ,

నీ పార్సిల్ అందింది. ఊలు మేజోళ్లు రెండు జతలూ మీ బావ కాళ్లకే ఎక్కాయి. "మా మరదలు నా కోసమే అల్లింది, సైజు చూడు" అంటున్నాడు ఎరిబెర్తో. నాకు ఖాళీ కాగితం మిగిలింది, దాని మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొట్టుకి ఫోన్ చేస్తాను, మాట్లాడుదువు గాని అంటావు. అక్కడ నేను హలో అనేలోపు ఊళ్లో సగం మందికి ఉప్పు నిండుకుంటుంది, కొనడానికి వచ్చి నిలబడతారు. రొమ్ము సంగతీ చేతి సంగతీ వాళ్ల ముందు అరిచి చెప్పడం నావల్ల కాదు. ఉత్తరమే మేలు.

చెయ్యి అలాగే ఉంది. క్యాన్సర్ ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు చంకలో గ్రంథులు కూడా తీసేశారు కదా, ఆ వైపు నీరు దిగే దారి సరిగా లేక ఎడమ చెయ్యి నిండిపోతోంది. పొద్దున కాస్త నయం. సాయంత్రానికి పిడికిలి మూయలేను. ఇది పూర్తిగా పోయేది కాదట, అదుపులో పెట్టుకోవలసిందేనట. కోసిన డాక్టరు "ఆ చేత్తో పాల డబ్బా కంటే బరువైంది ముట్టుకోకు" అన్నాడు. ముట్టుకోలేదు. పిండి కలపడం మానేశాను, దుంపలు తవ్వడం మానేశాను, నాన్న అకార్డియన్ మంచం కిందికి తోసేశాను. ఇన్నాళ్లు ఊరికే ఉంచితే చెయ్యి ఏమైనా బాగుపడిందా? ఉబ్బింది, దాని మీద నీరసించింది కూడా. వాళ్లింటి గొర్రెపిల్లని కాసేపు పట్టుకోమని పక్కింటావిడ ఇస్తే చెయ్యి వణికిపోయింది.

ఇప్పుడు ఫెర్రీ దాటితే వచ్చే కాస్త్రో పట్నం ఆసుపత్రికి కొత్త ఫిజియోథెరపిస్ట్ వచ్చింది. మరీత్సా అని. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివర దాకా టేపు పెట్టి కొలిచి, "ఆపరేషన్‌కి ముందు ఈ చేత్తో ఏం పనులు చేసేవారమ్మా?" అని అడిగింది. కట్టెలు, దుంపలు, అకార్డియన్ అన్నాను. "అయితే దీన్ని మళ్లీ పనికి పెడదాం" అంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఈ చేతిని కొలిచినవాళ్లూ చూసి తల ఊపినవాళ్లూ ఉన్నారు గాని పని చెప్పినవాళ్లు లేరు.

మొదలుపెట్టేశాను. బరువులు ఎత్తుతున్నాను. నిన్న అకార్డియన్ పెట్టె కూడా తెరిచాను.

నువ్వు రొమ్ము ఫోటో, అదే మామోగ్రామ్, తీయించుకున్నావా? పోయిన ఏడాదే తీయించుకుంటానన్నావు. ఇద్దరం ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లమే, మర్చిపోకు.

మేజోళ్లు దక్కని మీ అక్క,
ఓర్ఫెలీనా


పుంతా అరెనాస్, 21 మార్చి

అక్కా,

బరువులు ఎత్తడమేమిటి? నీకు మతి ఉందా? ఆ మాట చదివి కుట్టుమిషన్ ఆపేశాను, మళ్లీ తొక్కలేదు. స్కూలు కోట్లు కుప్పగా పడి ఉన్నాయి, పిల్లల తల్లులు రోజూ వచ్చి తలుపు కొడుతున్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని నీ ఉత్తరమే చదువుతున్నాను.

సొయిలా పిన్నిని మర్చిపోయావా? ఆమెకూ ఇదే ఆపరేషన్, ఇదే చెయ్యి. నువ్వప్పటికి పెళ్లి చేసుకుని వెళ్లిపోయావు, ఆ ఇంట్లో ఉన్నది నేను. దుంపలు తవ్వొద్దని అందరూ మొత్తుకున్నారు. తవ్వింది. ఆ చెయ్యి తడిసిన దిండులా అయింది. చలికాలం దాటకుండానే పోయింది. నేను చూశానక్కా. చెయ్యి కిందికి దించలేక దాన్ని బల్ల మీద పెట్టుకుని, అది తనది కానట్టు దాని వైపు చూస్తూ కూర్చునేది.

కొత్తగా వచ్చిన ఆ పిల్లకి ఏం తెలుసని? కోసినవాడికి తెలియదా లోపల ఏం తీశాడో? నాన్న అకార్డియన్ పదకొండు కిలోలు ఉంటుంది. తిత్తి లాగేది ఎడమ చేత్తోనే కదా. దాని జోలికి వెళ్లకు. నేను దేశం ఈ దక్షిణపు కొసన, ఇంత దూరాన ఉన్నాను, నీకేమైనా అయితే రోడ్డు మంచుతో మూసుకుపోయి శవం చూడటానికైనా రాలేను.

ఇక్కడ గాలి మొదలైంది. నిన్న మార్కెట్ దగ్గర, గాలికి పడిపోకుండా వీధిలో కట్టిన తాడు పట్టుకుని నడిచాం. మావాడు గాస్తోన్ స్కూల్ బ్యాండ్‌లో చేరాడు, ఇంట్లో కూడా గిన్నెలు వాయిస్తున్నాడు.

ఫోటో సంగతి తర్వాత చూద్దాం, కోట్లు అవ్వనీ.

భయంతో,
నీ ఎదూలియా


ఆచావ్, 9 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ఎదూ,

శవం దాకా వెళ్లిపోయావేమే! నేనింకా దుంపల రొట్టె తిని మాతే ఆకు టీ తాగుతూ కూర్చున్నాను.

బరువంటే ఏమనుకున్నావు? చిక్కుడు గింజల పొట్లం, అరకిలోది. చేతికి బిగుతు తొడుగు వేసుకుంటాను. ముంజేతి నుంచి భుజం దాకా ఉంటుంది, తొడుక్కోవడానికే సగం బలం అయిపోతుంది. మీ బావ ఒకవైపు పట్టుకుంటే నేను మరోవైపు లాగుతాను, చూసేవాళ్లకి మేమిద్దరం కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత ఊపిరి లోపలికి పీల్చి వదిలి, భుజాలు తిప్పి, చేతులు పైకి చాచి, అప్పుడు పొట్లం ఎత్తుతాను. ఆయాసం వచ్చేదాకా కాదు. మధ్యమధ్య ఆగుతూ.

మరీత్సా చెప్పింది ఒక్కటే: "చేసేటప్పుడు ఎలా ఉందో కాదమ్మా, మర్నాడు ఎలా ఉందో చూడండి. బరువుగా, బిర్రుగా అనిపించినా, వాపు పెరిగినా బరువు తగ్గించి నాకు చెప్పండి. ఏమీ లేకపోతేనే కాస్త పెంచుదాం." ఇప్పటిదాకా ఏమీ లేదు. టేపు కొలత ఎక్కడిదక్కడే ఉంది. నిన్న పొట్లం మార్చి కిలో పంచదార పట్టుకున్నాను. పక్కింటావిడ తొడుగు చూసి "ఓర్ఫె, నీ చెయ్యి దుకాణంలో వేలాడే సాసేజ్‌లా ఉంది" అంది. "నీ కాళ్లు చూసుకున్నావా?" అన్నాను. ఇద్దరం నవ్వాం.

సొయిలా పిన్ని గురించి రాసింది చదివి నేనూ నిద్ర పోలేదు. కానీ ఆమె చేతికి తొడుగు లేదు, చూసేవాళ్లు లేరు. ఆమెని నా పక్కన పెట్టకు.

ఆగస్టు చివర్లో సాంతా రోసా పండగకి ఊరేగింపులో నేనే వాయిస్తానని చర్చి ఫాదర్‌తో చెప్పేశాను. పోయిన ఏడాది మన ఊరి ఔదోలియో తన అకార్డియన్ వాయించాడు. అమ్మవారి విగ్రహం మోసేవాళ్లు వాడి తాళానికి కాళ్లు తడబడి, ఆవిడని కంచె మీద పడేయబోయారు. ఆ పాపం మళ్లీ జరగనివ్వను.

ఫోటో. ఫోటో. ఫోటో.

అక్క


పుంతా అరెనాస్, 25 ఏప్రిల్

అక్కా,

ఊరేగింపులో వాయిస్తానని చెప్పేశావా? మొదట పొట్లం, తర్వాత పంచదార, ఆ తర్వాత పదకొండు కిలోల పెట్టె మెడకు తగిలించుకుని కొండ ఎక్కుతావు. నాకు తెలియదా నీ సంగతి? చిన్నప్పుడు సముద్రంలోకి మోకాళ్ల దాకానే అని చెప్పి మునిగేదానివి.

నవ్వుతూ రాస్తావు, నాకిక్కడ అన్నం సహించడం లేదు. ఇక్కడ ఒకావిడ ఉంది, ఇదే ఆపరేషన్ అయింది, బట్టల బుట్ట ఎత్తిందట, రెండు రోజులకి చెయ్యి స్తంభంలా అయిందట. కోట్లు కుట్టించుకునే ఒకామె చెప్పింది.

ఆ అకార్డియన్ నీ దగ్గర ఉండకూడదు. ఇక్కడ నా దగ్గరుంటేనే మేలు. గాస్తోన్ ఎలాగూ వాయించుకుంటాడు. నీకు నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఎక్కువ రాయలేను. గాలికి ఎదురింటి రేకు ఒకటి లేచిపోయింది, అది ఎక్కడ పడుతుందో అని అందరం చూస్తున్నాం.

ఎదూలియా


ఆచావ్, 23 మే

ఎదూలియాకి,

అకార్డియన్ పోయింది. నీకు తెలుసు, అయినా నా నోటితో చెప్పించుకుంటున్నావు కాబట్టి చెబుతున్నాను.

మొదట మీ బావ "తిత్తిలో గాలి పోతోంది, ఆంకూద్‌లో బాగుచేయడానికి ఇచ్చాను" అన్నాడు. నమ్మాను. పోయిన వారం ఆంకూద్‌లో అకార్డియన్లు బాగుచేసే ముసలాయన మేనల్లుడు ఫెర్రీలో కనిపించాడు. "మా మామయ్యకి చూపు పోయి రెండేళ్లయింది, ఇంకేం బాగుచేస్తాడు?" అన్నాడు. ఇంటికొచ్చి ఎరిబెర్తోని నిలదీశాను. పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, నా వైపు చూడకుండా, "నీ చెల్లెలు రాసింది. నీ చేతికి అందకుండా తీసేయమంది" అన్నాడు.

"ఎక్కడ పెట్టావు?"

"సముద్రం అవతల."

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చెప్పకపోయినా నాకు అర్థమైంది. నీ ఏప్రిల్ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. 'ఇక్కడ నా దగ్గరుంటేనే మేలు, గాస్తోన్ వాయించుకుంటాడు.' చెయ్యి చెయ్యి అని ఏడ్చింది ఇందుకా? నాన్న పోయే ముందు దాన్ని నా ఒళ్లో పెట్టాడు, నువ్వూ అక్కడే నిలబడ్డావు, అప్పుడు ఏమీ అనలేదు. నాకు ఒక రొమ్ము పోయింది, చెయ్యి సగం పోయింది, ఇక అకార్డియన్ దేనికి అనుకున్నావు కాబోలు.

సంతోషించు. పంచదార పొట్లం డబ్బాలో పోసేశాను. కాస్త్రో వెళ్లడం మానేశాను. తొడుగు గోడకి వేలాడుతోంది. ఇక ఎత్తడానికి ఏముంది?

ఓర్ఫెలీనా బార్రీయా


పుంతా అరెనాస్, 6 జూన్

అక్కా,

నీ ఉత్తరం తడిసి వచ్చింది, సంతకం దగ్గర సిరా పాకింది. ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు, బ్యాంకుకి రాసినట్టు. అది చూసి నాకు కోపం కూడా రాలేదు.

నేను అకార్డియన్ అడగలేదు. గాస్తోన్‌కి డప్పు చాలు, వాడికి సరిగమలు కూడా రావు. 'నా దగ్గరుంటేనే మేలు' అన్నది నీకు అందకుండా ఉంటుందనే. బావకి రాసిన మాట నిజం. ఎక్కడైనా దాచు, ఆమె కంట పడనీయకు అని రాశాను. అది బావ తమ్ముడి దగ్గర, కేనాక్ దీవిలో ఉందని బావే నాకు రాశాడు. ఆయన్నే అడుగు. ఓడల్లో నా దాకా రాలేదు, రాదు.

తప్పు చేశానని మాత్రం అనను. నువ్వు బతికుంటే నన్ను ఎంతైనా తిట్టు. నువ్వు పోతే ఆ పెట్టె పెట్టుకుని నేనేం చేసుకోవాలి?

తొడుగు ఎందుకు తీసేశావు? నేను బరువులు వద్దన్నాను, తొడుగు వద్దనలేదు. తొడుగు వేసుకో. నన్ను సాధించడానికి నీ చేతిని వాడుకోకు.

నీ చెల్లెలు


కాస్త్రో ఆసుపత్రి, 4 జూలై

ఎదూ,

కంగారుపడకు. కూర్చునే రాస్తున్నాను, కుడి చేత్తో.

నీ జూన్ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది, గాలివానలకి రేవు మూసేశారు. అది చేరేలోపే నేను తెలివితక్కువ పని చేశాను. మీ బావ చేపలకి వెళ్లాడు. ఇంటి వెనక నరికి పడేసిన కట్టెలు వానకి తడుస్తున్నాయి. నాకు అప్పటికి వారాలుగా కోపం తప్ప వేరే పని లేదు. గొడ్డలి తీశాను. పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా చీల్చి, మోసి, పాకలో పేర్చాను. తొడుగు లేదు, చేతి గ్లవ్స్ లేవు. కట్టె పేడు ఒకటి ఎడమ బొటనవేలి దగ్గర గుచ్చుకుంది, పళ్లతో లాగి ఉమ్మేశాను. ఒక్కో కట్టె చీలినప్పుడల్లా నీ పేరే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

మర్నాడు పొద్దున్నే చలి పట్టుకుంది. దుప్పట్ల కింద పళ్లు టకటక కొట్టుకున్నాయి. చెయ్యి వేలి నుంచి భుజం దాకా ఎర్రగా, పొయ్యి మీది కెటిల్‌లా వేడిగా. మీ బావ వచ్చి చూసి నన్ను పక్కింటివాళ్ల ట్రక్కులో పడేశాడు. ఫెర్రీ దగ్గర పొడుగాటి వరస. ఆయన దిగి వరస ముందుకి వెళ్లి "మా ఆవిడ చెయ్యి కాలిపోతోంది!" అని అరిచాడు. ఎప్పుడైనా విన్నావా మీ బావ అరవడం? లారీలు పక్కకి తప్పుకున్నాయి.

సూదిమందులు ఎక్కించారు. ఇప్పుడు జ్వరం లేదు. చర్మం కింద చీము పట్టించే క్రిములు చేరాయట. ఇలాంటి చేతిలో అవి తొందరగా పాకుతాయట, ఎరుపు కనబడిన గంటలోనే వచ్చేయాలట.

మరీత్సా మంచం పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "వ్యాయామం చేస్తే ఇలా అయిందా?" అని అడిగాను. "లేదమ్మా. వారాలు ఏమీ చేయకుండా ఉంచి ఒక్కసారిగా పర్వతం మోయించారు, అదీ తొడుగు లేకుండా. వాపు దాని వల్ల పెరిగింది. జ్వరం ఆ పేడు వల్ల. రెండూ ఒకే రోజున జరిగాయి" అంది. తర్వాత అడిగింది, "ఎందుకు మానేశారు?" నా చెల్లెలి మీద కోపంతో అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

అకార్డియన్ కేనాక్‌లో ఉందని మీ బావ కూడా ఒప్పుకున్నాడు. నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. దాచడం మీద కోపం మాత్రం ఇంకా ఉంది, దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను.

అక్క


పుంతా అరెనాస్, 18 జూలై

అక్కా,

నేను అన్నానా లేదా? అన్నాను. మార్చి నుంచి అంటూనే ఉన్నాను. కట్టెలు! గొడ్డలి! అది చదివి గోడకేసి చెయ్యి కొట్టాను, ఇప్పుడు నా చెయ్యి కూడా వాచింది.

ఆ పిల్ల చెప్పింది మళ్లీ మళ్లీ చదివాను. ఒప్పుకోవాలని లేదు. దుంపలు తవ్వితేనే పిన్ని పోయిందని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను. అది కాకపోతే ఇంకేమిటి? దుంపల బుట్ట ఎత్తింది, చెయ్యి వాచింది, పోయింది. వరసగా చూశాను నేను. మరి వరస తప్పా?

ఆ బట్టల బుట్ట ఆవిడని, అదే, చెయ్యి స్తంభంలా అయిందని రాశానే, ఆవిడని వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ ఆపరేషన్ చేయించుకున్న మాట నిజం. చెయ్యి మాత్రం మామూలుగానే ఉంది. బుట్ట ఎత్తింది ఆవిడ తోటికోడలట, ఆమె పడి నడుం పట్టేసుకుందట. చెప్పినామెని రేపు కోటు తీసుకోవడానికి వచ్చినప్పుడు అడుగుతాను.

నువ్వు మళ్లీ మొదలుపెడతావా? పెడతావని తెలుసు. ఎప్పుడు, ఎంతతో, ఎవరు చూస్తుంటే? అన్నీ రాయి. దాచకుండా. నేను తిట్టను, తిట్టినా రాయి.

ఎదూ


ఆచావ్, 5 సెప్టెంబర్

ఎదూ,

ముందు పిన్ని సంగతి. ఆమె కూతురు సెల్మీరా పండగకి వచ్చింది, నేనే అడిగాను. ఆపరేషన్ అయిన ఏడాదికే జబ్బు కాలేయానికి పాకిందట. దుంపలు తవ్వేనాటికే డాక్టరు ఇక లాభం లేదని పెద్దవాళ్లతో చెప్పేశాడట. పిల్లలకి ఎవరు చెబుతారు? పిన్నికీ తెలుసట. "మంచం మీద పడి ఎదురుచూడలేను, మట్టిలో చెయ్యి పెట్టనివ్వండి" అందట. అంటే బుట్టా కాదు, దుంపలూ కాదు. సెల్మీరా మామూలుగా చెప్పేసి సూప్ తాగింది. నేను చెంచా పక్కన పెట్టేశాను. నువ్వు ఇంతకాలం మోసింది ఇదా అని.

ఇక నా చెయ్యి. మందులు పూర్తయి, ఎరుపు పోయి, మరీత్సా సరేనన్నాకే మొదలుపెట్టాను. పంచదార దగ్గర నుంచి కాదు. వట్టి చెయ్యి నుంచి. "మానేసినప్పుడు మెట్లు దిగిపోతామమ్మా, మళ్లీ కింద నుంచే ఎక్కాలి" అంది. చిన్నపిల్లలా గాలి ఊదుతూ చేతులు చాపుతుంటే మీ బావ పొయ్యి దగ్గర నుంచి దొంగచూపులు చూసేవాడు. కట్టెలు ముట్టుకున్నప్పుడల్లా గ్లవ్స్ వేసుకున్నాను, చేతికి రాత్రీ పగలూ వెన్నలాంటి మందు రాసుకున్నాను, చర్మం పగలకుండా.

ఆగస్టులో ఒక రోజు ఆయన చెప్పకుండా పడవ వేసుకుని కేనాక్ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది, నడుం దాకా తడిసి ఉన్నాడు. అకార్డియన్ పెట్టె మాత్రం తన వానకోటులో చుట్టి ఉంది. బల్ల మీద పెట్టి, "నీ చెల్లెలు రాసినా నేను తీసి ఉండాల్సింది కాదు. నువ్వు నా మాట వినవని ఆవిడ మాట విన్నాను" అన్నాడు. అంత పొడుగు వాక్యం ఆయన నోట పెళ్లి రోజున కూడా రాలేదు.

మరీత్సాకి అకార్డియన్ చూపించాలని కాస్త్రో తీసుకెళ్లాం. ఆమె తనే మెడకు తగిలించుకుని తిత్తి లాగింది. పిల్లి తోక తొక్కినట్టు అరిచింది అకార్డియన్, కారిడార్లో నర్సులు పరిగెత్తుకొచ్చారు. తర్వాత, "కూర్చుని, తొడుగుతో, బరువు ఒడిలో ఆనించి. కొంచెం వాయించి ఆపండి. మర్నాడు చెయ్యి చూసుకోండి" అంది.

కాబట్టి ఊరేగింపులో కొండ ఎక్కలేదు. అవును, మాట తప్పాను. చర్చి మెట్ల దగ్గర కుర్చీ వేయించుకున్నాను. అమ్మవారు బయటికి వచ్చేటప్పుడు ఒక్క పాట, నాన్న వాయించేదే. మొదట్లో వేళ్లు దారి వెతుక్కున్నాయి. తిత్తి పూర్తిగా తెరవలేదు, సగమే తెరిచాను. అయినా అది ఊపిరి తీసుకుంది ఎదూ. జనం మాట్లాడటం ఆపేశారు. విగ్రహం మోసేవాళ్లు సరిగ్గా అడుగు వేశారు. మలుపు దగ్గర ఔదోలియో అందుకున్నాడు. నాకు ఇంకో పాట వాయించాలని ఎంత దురద పుట్టిందో! పెట్టె మూసేశాను. నీ మీద ఒట్టు, మూసేశాను.

మర్నాడు టేపు పెట్టాం. పెరగలేదు. ఆ మర్నాడూ పెరగలేదు.

ఇప్పుడు నీ సంగతి. మార్చి నుంచి ఫోటో గురించి అడుగుతున్నాను. నా చెయ్యి గురించి పేజీలు రాస్తావు, ఆ ఒక్క మాటకి ఎదురింటి రేకు గురించి చెబుతావు. నాకు భయంగా ఉంది. నన్ను తిట్టకుండా, గాలి గురించి రాయకుండా, నిజం రాయి.

అక్క


పుంతా అరెనాస్, 26 సెప్టెంబర్

అక్కా,

వెళ్లాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే కుట్టుమిషన్ మూసి వెళ్లాను. ఎడమ వైపు గడ్డ ఉంది. చిన్నది. ఆలివ్ గింజంత. సూది పెట్టి తీసి చూశారు. అదే.

అది నా చేతికి తగిలింది మార్చిలో. స్నానం చేస్తుంటే. ఆ మరుసటి వారమే నీ ఉత్తరం, బరువులు ఎత్తుతున్నానని. అప్పుడు నాకేమైందో చెప్పలేను. నీ చెయ్యి తప్ప ఇంక దేని గురించీ ఆలోచించకూడదనిపించింది. నిన్ను కాపాడటంలో మునిగిపోతే దీన్ని మర్చిపోవచ్చు కదా. సొయిలా పిన్ని బల్ల మీద పెట్టుకున్న చెయ్యి అని రాశాను, నాకు కనిపించింది మాత్రం నా చెయ్యే.

ముందే వెళ్లాల్సిందని డాక్టరమ్మ అనలేదు. కాగితాలు తిరగేసింది, అంతే. అయినా చేయగలిగినది ఉందంది. అక్టోబర్ మధ్యలో ఆపరేషన్. గ్రంథులు ఎన్ని తీస్తారో కోసి చూశాకే తెలుస్తుందట. నీకైనట్టే చెయ్యి అవుతుందా అని అడిగాను. అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు, మొదటి నుంచీ కనిపెట్టి చూసుకుంటే మేలు అంది. ఎవరు చూస్తారు? ఇక్కడ మరీత్సా లాంటిది ఉందో లేదో తెలియదు.

గాస్తోన్‌కి ఇంకా చెప్పలేదు. వాడు డప్పు వాయిస్తున్నాడు. ఈసారి ఆపమని అనలేదు. చప్పుడు ఉంటేనే బాగుంది.

అక్కా, నువ్వు ఇంత దూరం రాలేవు, నాకు తెలుసు. బస్సులో రెండు రోజులు, ఆ చేత్తో. రమ్మని అడగడం లేదు.

ఎదూ


ఆచావ్, 6 అక్టోబర్

ఎదూ,

అడగడం లేదని రాసి అడిగావు. వస్తున్నాను.

టికెట్ తీసుకున్నాను. మరీత్సాతో మాట్లాడాను. బస్సు ఆగినప్పుడల్లా దిగి నడవమంది, సీట్లో చేతులు చాపుతూ ఉండమంది, తొడుగు తీయొద్దంది. పక్క సీటువాళ్లు పిచ్చిదాన్ననుకుంటారు, అనుకోనీ. నీకోసం ఆమె ఒక పేరు కూడా ఇచ్చింది. ఆమెతో చదువుకున్న ఒకావిడ మీ ఊళ్లోనే ఇదే పని చేస్తుందట. ఆపరేషన్‌కి ముందే నిన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను, చెయ్యి వాచకముందే కొలుస్తారు. నాకు ఆ అవకాశం లేకపోయింది.

ఏ రోజు నుంచి ఏ వేలు కదపాలో వాళ్లు చెబుతారు, నేను పక్కన కూర్చుని చేయిస్తాను. డాక్టరు సరే అనేదాకా ఒక్క పంచదార పలుకు ఎత్తనివ్వను. సరే అన్నాక ఎత్తకుండా కూర్చుంటే ఊరుకోను. నిన్ను భయపడొద్దని చెప్పడం లేదు. నాకూ భయమే. ఈ వారం రెండుసార్లు పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చాను, మీ బావ తుడిచాడు.

గాస్తోన్‌కి నువ్వే చెప్పు, నేను వచ్చేలోపు. పెద్దమ్మ ఎందుకొచ్చిందో వాడు నా ముఖంలో చదువుకోకూడదు.

రేవు దాకా సంచీ తనే మోస్తానని మీ బావ పట్టుబట్టాడు. సరే అన్నాను. ఆ తర్వాత బస్సులోకి నేనే ఎక్కిస్తాను, మార్చి మార్చి పట్టుకుంటాను, మోయగలిగినంతే సర్దాను. అకార్డియన్ తీసుకురావడం లేదు. ఔదోలియోకి ఇచ్చాను, నేను వచ్చేదాకా సాధన చేసుకోమని. ఊరంతా నన్ను తిడుతోంది.

ఈ ఉత్తరం నా కంటే ముందు బస్సులో పంపుతున్నాను, నేను ఆదివారం మధ్యాహ్నం దిగుతాను. బస్టాండుకి రావద్దు, గాలిలో నిలబడొద్దు. ఇంట్లో ఉండి మాతే కోసం నీళ్లు పెట్టు. పెద్ద కెటిల్ నిండా పెట్టి, నీ రెండు చేతులతో ఎత్తి పెట్టు. ఆపరేషన్ అయ్యేదాకా అది నీకు మామూలు పనే, భయపడకుండా చెయ్యి.

మీ అక్క